నేను మాయం చేసిన నలభై ఆరుగురు

నలభై ఆరుగురు పిల్లలున్న బడిలో ఒక్క పిల్ల కూడా లేదని నిరూపించాలంటే మామూలు తెలివి చాలదు. దానికి విదేశంలో చదవాలి. నేను చదివాను, నిరూపించాను కూడా. ఆ పుణ్యానికి బతుకంతా పాఠాలు చెప్పిన ఒక మనిషి పెన్షన్ ఊడగొట్టినంత పని చేశాను. ఆ సంగతంతా ఇప్పుడు చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నా, ఇందులో నన్ను వెనకేసుకొచ్చే మనిషి మీకు ఒక్కరూ కనబడరు. మా బాపు కాసేపు ప్రయత్నించి, తనవల్ల కాదని టీవీ పెట్టుకున్నాడు.

మాది జక్రాన్‌పల్లి దగ్గర పసుపు, వరి పండించే ఇల్లు. మూడో తరగతిలో నాకు సులోచన టీచర్ చెప్పేవారు. వ్యాసం నేర్పడంలో ఆవిడ పద్ధతి ఒక్కటే. మమ్మల్ని బడి బయటికి తోలి, పది నిమిషాలు చుట్టూ చూసి రమ్మనేవారు. వచ్చాక చూసింది రాయాలి, అంతే. ఒకసారి అందరూ బర్రెల్నీ ట్రాక్టర్లనీ రాస్తే నేను నెమలిని రాశాను.

“నెమలి ఎక్కడ కనబడ్డదే మౌనికా?”

“కనబడలే టీచర్.”

“మరెందుకు రాసినవ్?”

“బర్రె కంటే మంచిగుంటదని.”

‘చూసింది రాస్తాను’ అని నూరుసార్లు రాయించారు. నా వేళ్లు వాచాయి. ఆ వాపు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. ఆ కోపమే పెరిగి పెద్దదై, డిగ్రీ పాసై, విద్యా సంస్కరణల మీద ఎం.ఏ. చేయడానికి ఇంగ్లండు వెళ్లింది. దాని వెంట నేను వెళ్లాను.

అక్కడ మా క్లాసులో పన్నెండు మందిమి గుండ్రంగా కూర్చుని ప్రపంచంలోని బడులన్నీ బాగుచేసేవాళ్లం. టీ విరామానికి ముందు ఒక ఖండం, తర్వాత ఒక ఖండం. బయట చలికి చెవులు తిమ్మిరెక్కేవి, లోపల ఆవేశానికి ఎర్రబడేవి. పిల్లల చేత నూరుసార్లు రాయించే శిక్ష ఎంత ఘోరమో నేను నా నెమలి కథతో సహా చెబితే, పక్కనున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంది. మా ప్రొఫెసరమ్మ దాన్ని నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం చేయమన్నారు.

ఆవిడ మాకు పరిశోధన పద్ధతులు కూడా నేర్పేవారు. “మీ కంటికి పక్షపాతం ఉంటుంది. కంటిని నమ్మకండి, సమాధానాలను నమ్మండి” అనేవారు. నేను దాన్ని మూడు రంగుల్లో గీతలు గీసి రాసుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు ఊరికే అనలేదు. నా విషయంలో మతికి తోడు కళ్లు కూడా పోయాయి.

థీసిస్ కోసం ఒక సర్కారు బడిని దగ్గరగా చూడాల్సి వచ్చింది. సులోచన టీచర్ అప్పటికి బదిలీల మీద బదిలీలయి, రెంజల్ దాటాక మహారాష్ట్ర సరిహద్దు దగ్గరున్న ఒక చిన్న ఊళ్లో పనిచేస్తున్నారు. బడి మొత్తానికి ఆవిడొక్కరే. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది. ఫోన్ చేస్తే, “రా బిడ్డా, నీకు లేదంటనా. కానీ పోరలు నీ కంప్యూటర్ మీద చేతులేస్తరు, ఏమనకు” అన్నారు.

ఫిబ్రవరిలో వెళ్లాను. పదిహేను రోజులు ఆ బడిలోనే కూర్చున్నాను. పిల్లల్ని లెక్కపెట్టాను, నలభై ఆరుగురు. వాళ్ల వరసలో కూర్చుని మధ్యాహ్నం అన్నం, గుడ్డు తిన్నాను. మూడో తరగతి అక్షయ అనే పిల్లయితే నాకు తోకలాగే తిరిగింది. దానికి లెక్కపెట్టడం ఇష్టం. నా గాజులు, నా బ్యాగు జిప్పులు, నేను ఆవలించినవి, అన్నీ లెక్కపెట్టి అప్పజెప్పేది. ఇదంతా నా రెండు కళ్లతో చూశాను. గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

పదహారో రోజు ఊళ్లోకి బయలుదేరాను. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు. మా వైపు ఊళ్లలో ఈ రెండూ ఉన్న మనిషి గడపలో నిలబడితే దానికి ఒకటే అర్థం. ఏదో స్కీమ్ వస్తోంది, పేర్లు రాసుకుంటున్నారు. ఈ సంగతి మా ప్రాంతంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు కూడా తెలుసు. కానీ ఇంగ్లండు విమానం ఎక్కేటప్పుడు బరువెక్కువైందని కొన్ని ఇంట్లో వదిలేసి వెళ్లాను, అందులో ఇదొకటి.

మొదటి ఇల్లు గంగవ్వది. అక్షయ నాయనమ్మ. అరుగు మీద కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. యూనివర్సిటీ నియమం ప్రకారం ఏ ప్రశ్నయినా అడిగే ముందు ఒక ఫారం చదివి వినిపించాలి. వినిపించాను. “ఈ పరిశోధనలో పాల్గొనడం వల్ల మీకు ఏ ప్రయోజనమూ ఉండదు. మీ వివరాలు ఎవరికీ చెప్పము.”

గంగవ్వ చుట్టడం ఆపింది. “ఏం ఫాయిదా ఉండది?”

“ఉండది అవ్వా.”

“ఎవ్వలికి చెప్పవు?”

“చెప్పను.”

“ఏం ఫాయిదా లేకపోతే గింత ఎండల ఎందుకొస్తివి బిడ్డా?”

ఈ ప్రశ్నకు జవాబు ఫారంలో లేదు. మా ప్రొఫెసరమ్మ దగ్గరా లేదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే కొంప ముంచింది. పెద్ద స్కీమే గానీ పైకి చెప్పకూడదన్నమాట అని గంగవ్వకు అర్థమైపోయింది.

“నీ మనుమరాలు ఏ బడికి పోతది అవ్వా?”

ఆమె నా కార్డు చూసింది, ట్యాబ్ చూసింది, చివరికి మొహం దీనంగా పెట్టింది. “బడికా? యాడ పోతది బిడ్డా. గరీబోళ్లం. ఇంట్లనే ఉంటది.”

సరిగ్గా అప్పుడే అక్షయ యూనిఫాంలో, వీపున బ్యాగుతో, వాకిట్లోంచి పోతూ, “అక్కా, నేను బడికి పోతున్న” అని చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఊపిన చేత్తోనే ట్యాబ్‌లో ‘బడికి వెళ్లదు’ అన్న గడి నొక్కాను.

ఆగండి, చెప్పు తీయకండి. ఇంకా ఉంది.

రెండో వీధిలో మొదట కిరాణా కొట్టు సాయిలు. నేను ఫారం తెరవకముందే అతను మొదలుపెట్టాడు. “నా పోరలిద్దరు బోధన్ల ఇంగ్లీషు మీడియం సదువుతరు. బండి వచ్చి తీస్కపోతది. ఫీజు మస్తు అయితది, గది గూడ రాసుకో మేడం.” ముందురోజు ఆ ఇద్దరు పోరల మధ్య కూర్చుని నేను గుడ్డు తిన్నాను. చిన్నవాడు నా గుడ్డులో పచ్చసొన కూడా అడిగి తీసుకున్నాడు. అయినా రాసుకున్నాను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, గంగవ్వ వీధిలో బడికి పోని పిల్లలకు ఏదో ఇస్తారని పుకారు పుట్టింది. సాయిలు వీధికి చేరేసరికి అది ప్రైవేటు ఫీజు వాపసు ఇస్తారని మారింది. పుకారు నాకంటే రెండిళ్లు ముందు నడిచింది. సాయంత్రానికి ఒక వీధిలో ఏ పిల్లా బడికి పోదు, ఇంకో వీధిలో పిల్లలంతా బోధన్ పోతారు. సర్కారు బడిలో ఉన్నది సున్నా.

ఇక్కడ కొంచెం బుద్ధి ఉన్న మనిషైతే నవ్వుకుని, చాయ్ తాగి, మళ్లీ మొదలుపెట్టేది. నేను ప్రొఫెసరమ్మకు ఈమెయిల్ రాశాను. ఆవిడ ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. “నువ్వు చూసిన పిల్లల్ని నీకోసమే పక్క ఊళ్ల నుంచి తెప్పించి ఉండవచ్చు” అని రాశారు. నేను ఆలోచించాను. చెప్పకుండా వెళ్లిన రోజు కూడా పిల్లలున్నారు. వాన పడిన రోజూ ఉన్నారు. అంటే ఈ తెప్పించే ఏర్పాటు చాలా పకడ్బందీగా ఉందన్నమాట, సులోచన టీచర్ అసాధ్యురాలు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి గురించి అలా అనుకున్నానని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

పరిశోధనకు అనుమతి ఇచ్చేటప్పుడు, తేలిన విషయాల ప్రతి ఒకటి ఇవ్వాలని మండల విద్యాధికారి షరతు పెట్టారు. నేను షరతులు పాటించే మనిషిని. ఇచ్చాను. పది రోజులకు టీచర్‌కు మెమో వచ్చింది. మర్నాడు టీచర్ నన్ను బడికి పిలిచారు. అరుస్తారనుకున్నాను. కుర్చీ చూపించారు.

“నలభై ఆరు దొంగ పేర్లని రాసినవట మౌనికా.”

“మీ పేరు రాయలే టీచర్. ఎవరి పేరూ రాయొద్దని నియమం.”

“ఊరి పేరు?”

“అదీ రాయలే. రెంజల్ దాటినంక సరిహద్దు ఊరు, ఒక్క టీచరమ్మే నడిపే బడి అని రాసిన.”

“ఇంటి నంబరొక్కటి మర్చిపోయినవ్.”

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. “ఇంక ఏడు నెలలే ఉన్నది. విచారణ తేలేదాంక పెన్షన్ కాగితాలు కదలవంటున్నరు. తప్పని తేలితే ఇంక రానే రాదు. నెలనెలా నా మోకాళ్ల మందులకే ఎంతైతదో నీకెరుక లేదు.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “అన్నం తిన్నవా?” అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ అన్నం మాటకు నేను గీసిన మూడు రంగుల గీతలన్నీ ఒక్కసారి చెరిగిపోయి, అక్షయ చెయ్యి ఊపడం కనబడింది.

“ఊరోళ్లకు మీరు చెప్పుండ్రి టీచర్. ఉన్నది ఉన్నట్టు చెప్తరు.”

“నేను చెప్తే, నేనే నేర్పిచ్చి చెప్పిచ్చిన అంటరు. చెడగొట్టింది నువ్వు, నువ్వే సక్కజెయ్యి.”

మళ్లీ సర్వే చేస్తానని ప్రొఫెసరమ్మకు రాశాను. “చెయ్యి. కానీ కారణం చెప్పకు. చెబితే వాళ్ల జవాబులను నువ్వు ప్రభావితం చేసినట్టవుతుంది” అని జవాబు. నేను మళ్లీ షరతు పాటించాను. కాలు కడుక్కోవడానికి మళ్లీ అదే అడుసులోకి దిగాను.

గంగవ్వ నన్ను చూడగానే చాట పక్కన పెట్టింది. “మల్లొచ్చినవా? పేరెక్కిందా?”

“ఏ పేరు అవ్వా? ఈ పరిశోధనలో పాల్గొనడం వల్ల మీకు ఏ ప్రయోజనమూ...”

“సరే సరే, చెప్పరాదు గదా. నాకెరుకనే.” వీధి వైపు తిరిగి గొంతు పెంచింది. “ఏయ్, మొదాలు ఏం చెప్పిండ్రో గదే చెప్పుండ్రి. మాట మారిస్తె పేర్లు కొట్టేస్తరు.”

ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. మొదటిసారి కాస్త తడబడ్డ ఇళ్లు కూడా ఈసారి తడబడలేదు. సాయిలు ఫోన్‌లో ఒక పసుపుపచ్చ బండి ఫోటో చూపించి, “గీ బండిలనే పోతరు, ఫోటో గూడ తీస్కో” అన్నాడు. మొదటి సర్వేలో సున్నా అనుమానంగా ఉండేది. రెండో సర్వేలో సున్నాకు సాక్ష్యాలు చేరాయి.

ఆ రోజు బోధన్ పోయే బస్సులో కూర్చుని ఏడ్చాను. ముందు ఒక చెరకు ట్రాక్టరు నెమ్మదిగా ఊగుతూ పోతోంది, దాని వెనక మా బస్సు. దాటడానికి దారి లేదు. పక్కసీటామె మరాఠీలో ఏదో ఓదార్చి చేతిలో చెరకు ముక్క పెట్టింది. నమిలాను, తీపి తెలియలేదు. నా చదువు పోతుందని కాదు ఏడ్చింది. నాకు రాయడం నేర్పిన చేతికి నేనే బేడీ తెచ్చానని ఏడ్చాను. ఇంటికి ఫోన్ చేస్తే మా బాపు అంతా విని, “పెద్ద సదువులు సదివినవ్ గద బిడ్డా, ఏదో తోస్తదిలే” అన్నాడు. ఏమీ తోచలేదు.

విచారణ రోజు వచ్చింది. విద్యాధికారి మా జిల్లాలోనే మోస్రా వైపు మనిషి, నెరిసిన మీసం, నిదానస్తుడు. బడి వరండాలో కుర్చీ వేయించుకుని, ముందు నా రిపోర్టు పెట్టుకున్నారు. ఒక పక్క నలభై ఆరుగురు పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఇంకో పక్క వాళ్ల అమ్మానాన్నలు, అవ్వలు నిలబడ్డారు. మధ్యలో నేను. టీచర్ గోడ మీద రాసిన గుణింతం వైపు చూస్తూ నిలబడ్డారు.

“మొదలు మీరు రాండ్రి అమ్మా. మీ మనుమరాలు బడికి వస్తదా?”

“రాదు సార్. గరీబోళ్లం. ఇంట్లనే ఉంటది” అంది గంగవ్వ.

ఆయన అక్షయను లేపారు. “మరి ఈ పిల్ల ఎవరు?”

గంగవ్వ అక్షయను తలనుంచి కాలిదాకా, సంతలో కొత్త దూడను చూసినట్టు చూసింది. “ఎవల పిల్లనో సార్. సక్కగున్నది పాపం.”

“అవ్వా, నేనే” అంది అక్షయ.

గంగవ్వ సీలింగు వైపు చూసింది. అధికారి రాసుకున్నారు. అక్షయ మొదట ఆటేమో అనుకుంది. అవ్వ ఎంతకీ తనవైపు చూడకపోయేసరికి దాని పెదవి వణికింది. ఏడవకుండా ఉండాలని కాబోలు, చేతి వేళ్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఐదు దగ్గర ఆగిపోయి బోరుమంది.

నా ఫారం, నా నియమం, నా ప్రొఫెసరమ్మ, అన్నీ ఆ క్షణంలో కాలవలో కొట్టుకుపోయాయి.

“అవ్వా, ఏ స్కీమూ లేదు. ఏమీ రాదు, ఎప్పటికీ రాదు” అన్నాను. నాకూ ఏడుపొచ్చేసింది. “మీరు గిట్ల అబద్ధమాడితే టీచర్ పెన్షన్ పోతది.”

గంగవ్వ నెమ్మదిగా నావైపు తిరిగింది. “ఎవల పెన్షన్?”

“సులోచన టీచర్‌ది.”

“గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? రెండుసార్లు వస్తివి. రెండుసార్లు ఏం ఫాయిదా లేదు, ఏం ఫాయిదా లేదంటివి. నుక్సాన్ ఉన్నదని ఒక్కసారన్న అన్నవా బిడ్డా?”

అనలేదు. ఫారంలో ఆ మాట లేదు.

గంగవ్వ పోయి అక్షయను లాగి ఒళ్లో వేసుకుని, కొంగుతో దాని మొహం తుడిచింది. “సార్, గిది నా మనుమరాలు. గా టీచరమ్మ దగ్గర్నే లెక్కలు నేర్సింది. గీ పోరలందరు గీ ఊరోళ్లే. రాసుకో.”

“నా ఇద్దరు గూడ గీన్నే సదువుతరు సార్” అన్నాడు సాయిలు. “గా బండి ఫోటో మా బామ్మర్ది ఊరిది.”

“మరి సర్వేల లేరని చెప్తిరి?” అన్నారు అధికారి.

“సర్వేల ఎవలన్న నిజం చెప్తరా సార్?” అంది గంగవ్వ, ఆయన అమాయకత్వానికి జాలిపడుతూ.

ఆయన పెన్ను మూత పెట్టి నావైపు చూశారు. “మీదేవూరమ్మా?”

“జక్రాన్‌పల్లి దగ్గర సార్.”

“మీ ఇంటికి సర్వేవాళ్లొస్తే మీ బాపు ఏం చెప్పేటోడు?”

అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లు. మా వీధిలోకి సర్వే వచ్చిందనగానే బాపు మోటారుబండిని గడ్డివామి వెనక్కి తోశాడు. కొత్త టీవీని కిందికి దింపి, మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి మీద నన్ను కూర్చోబెట్టాడు. “దీని కింద ఏమున్నదమ్మా?” అని సర్వే ఆయన నన్నే అడిగాడు. “పసుపు బస్తా” అన్నాను. రెప్ప కూడా వేయలేదు. ఆ రోజు బాపు నాకు జిలేబీ కొనిపెట్టాడు.

అధికారికి అదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేను ఆ రిపోర్టులో చెప్పాల్సిన మొదటి నిజం అదే. ఆయన మీసంలోనే నవ్వుకున్నారు. “టీవీ మీద కూర్చొని పసుపు బస్తా అన్న పిల్లవు. వీళ్ల మాట ఎట్ల నమ్మినవమ్మా?” అని, పిల్లలందరూ ఉన్నారని రాసి, ఊరివాళ్ల చేత సంతకాలు, వేలిముద్రలు తీసుకుని వెళ్లిపోయారు. టీచర్ పెన్షన్ కాగితాలు కదిలాయి. నా థీసిస్ మాత్రం మొదటికొచ్చి, చదువు ఆరు నెలలు వెనక్కిపోయింది.

జనం పలచబడ్డాక టీచర్ నా దగ్గరికొచ్చి రిపోర్టు చేతిలో పెట్టారు. “మొత్తం చదివిన. నలభై పేజీలున్నది. అండ్ల నువ్వు కండ్లతోని చూసింది ఒక్కటి లేదు. ఆ నెమలి అయినా జర మంచిగుండె.”

“క్షమించుండ్రి టీచర్.”

“మూడో తరగతి బెంచి ఖాళీగున్నది, కూర్చో. నూరుసార్లు.”

నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఈ శిక్ష మీదే ఉందనీ, ఇది పిల్లల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని నిరూపించాననీ చెప్పబోయాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు. కూర్చున్నాను. మోకాళ్లు బెంచి కింద పట్టలేదు. ‘చూసింది రాస్తాను’ అని మొదలుపెట్టాను. అక్షయ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. నేను అయిపోయిందని పెన్ను కింద పెడితే, “అక్కా, తొంభై ఎనిమిదే ఉన్నయి” అని టీచర్‌కు వినబడేలా చెప్పింది. లెక్కలు బాగానే నేర్పారు ఆవిడ.

మిగిలిన రెండూ రాస్తుండగా గంగవ్వ వచ్చి బెంచి పక్కన చతికిలబడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “సారు పోయిండు. అందరు పోయిండ్రు. గిప్పుడన్న చెప్పు బిడ్డా, గది ఎప్పుడొస్తది?”

“ఏది అవ్వా?”

“గదే. చెప్పరాదంటివి గదా.”

ఇన్నేళ్లయింది. ఆ ఊరికి వెళ్లినప్పుడల్లా గంగవ్వ ఇదే అడుగుతుంది, నేను లేదంటాను, ఆమె కన్ను గీటుతుంది. నేను చచ్చేదాకా ఆమెను నమ్మించలేను. కాబట్టి పాఠకుల సాక్షిగా, సులోచన టీచర్ పెన్షన్ సాక్షిగా, మా ఇంట్లో దుప్పటి కింద ఊపిరాడక పడున్న ఆ టీవీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపిన పిల్లను ఇంకెప్పుడూ లేదని రాయను. ఏ గడపలోనైనా లాభం లేదని చెప్పాల్సివస్తే, నష్టమేమిటో కూడా చెప్పి మరీ కూర్చుంటాను. చూసింది రాస్తాను. ఇది నూటొకటోసారి.